హదస్సా టీచర్ హత్యాపథకం

హదస్సా కార్ఖానా అనే పేటలోని ఒక బడిలో లెక్కలు చెబుతుంది. వేసవి సెలవుల్లో నవల రాయాలని కూర్చుంది. ఎక్కడా లేని చిన్న ఊరొకటి కల్పించుకుంది. ఆ ఊళ్లో చచ్చిపోయినవాళ్లు ఒకే ఒక్కసారి తిరిగొచ్చి, ఒక పూట భోంచేసి పోవచ్చు. ఊరి నడిబొడ్డున ఉన్న హోటల్లో మునిసిపల్ చైర్మన్ తింటూ తింటూనే విస్తట్లోకి ఒరిగిపోతాడు. మర్నాడు అదే బల్ల దగ్గరికొచ్చి కూర్చుని, "నిన్న సగంలో ఆగింది, వడ్డించండి" అంటాడు. అక్కడిదాకా బాగానే వచ్చింది. అందరూ తిన్నది ఒకే గిన్నెలోని సాంబారు అయినప్పుడు ఆయన ఒక్కడే విషానికి ఎలా చచ్చిపోయాడన్నది మాత్రం తెగలేదు.

అందుకని రాంగోపాల్‌పేట్‌లో కిషన్ నడిపే భోజన హోటల్‌కు రోజూ మధ్యాహ్నం వెళ్లడం మొదలుపెట్టింది. వంటగది గుమ్మం పక్కనున్న బల్ల ఆమెది. కిషన్‌కు సంగతంతా చెప్పే కూర్చుంది.

"మధ్యలో ఎవరైనా ఏమైనా కలిపితే తెలుస్తుందా అండీ?" అని అడిగేది.

"గిరాకీ ఉన్నప్పుడు ఏం కలిపినా తెల్వది టీచర్," అని ఆయన నవ్వేవాడు.

ఆరోజు చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్లింది. తొట్టి గట్టు మీద, పైన లేబుల్ ఊడిపోయిన మంచినీళ్ల సీసా ఒకటుంది. లోపలిది అచ్చం నీళ్లలాగే ఉంది.

"ముట్టకు మేడం, బాత్‌రూం యాసిడ్ అది," అంది అంట్లు తోముతున్న అనసూయమ్మ.

హదస్సా గుండె ఝల్లుమంది, భయంతో కాదు. చిక్కు వీడింది. సాంబారు కాదు, నీళ్లు! అది అక్కడ ఉండకూడదని అప్పుడే కిషన్‌తో చెప్పాల్సింది. చెప్పలేదు. బల్ల దగ్గరికొచ్చి, చైర్మన్ చేతికి ఆ సీసా ఎవరు అందిస్తే బాగుంటుందా అని ఆలోచిస్తూ కూర్చుంది.

గిరాకీ జోరు మీదుంది. సర్వర్ చిన్నబ్బాయి ఖాళీ సీసాలు ఏరుకెళ్లి, ఆ తొట్టి గట్టు మీదే పెట్టి, నింపి పట్టుకొస్తున్నాడు. ఎదుటి బల్ల దగ్గర సోమయ్య భోంచేస్తున్నాడు. బోయిగూడలో బట్టలు కుట్టే పెద్దాయన. ముద్ద గొంతుకు అడ్డంపడి దగ్గు మొదలైంది.

"నీళ్లు... జల్దీ!"

చిన్నబ్బాయి పరుగున వచ్చి, సీసా మూత తీసి ఆయన చేతిలో పెట్టాడు.

దాని మీద లేబుల్ లేదు.

"వద్దు! తాగొద్దు!" హదస్సా అరిచింది. ఫ్యాన్ల రొదలో, గిన్నెల చప్పుడులో ఆ అరుపు కలిసిపోయింది. సోమయ్య తల వెనక్కి వాల్చి సీసా ఎత్తాడు. ఆమె కుర్చీని తోసేసి ఒక్క ఉరుకున వెళ్లి సీసాను చేత్తో కొట్టింది. అది ఎగిరి నేల మీద పడింది.

"ఏందమ్మా, దిమాక్ ఖరాబైందా?" సోమయ్య దగ్గుతూనే లేచాడు.

కింది షాబాద్ బండ తెల్లగా నురగలు కక్కుతూ బుసబుసమంది. ఘాటు ముక్కులకు కొట్టింది. చుక్కలు పడి హదస్సా మణికట్టు భగభగ మండుతుంటే చిన్నబ్బాయి బిందెడు నీళ్లు తెచ్చి పోశాడు.

కిషన్ గల్లా వదిలి వచ్చాడు. నేలను చూశాడు, ఆమెను చూశాడు.

"అవి నీళ్లు కావని నీకెట్ల తెలుసు?" మర్యాద పోయింది. "వారం సంది గిదే అడుగుతున్నవ్. విషం ఎట్ల కలుపుతరు, తెల్వకుంట ఎట్ల ఇస్తరు అని. నవల అంటివి. గిదేనా నీ నవల?"

తినేవాళ్లు చేతులు ఆపి చూస్తున్నారు. ఒకతను ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. "పోలీసులను పిలువున్రి," అన్నారెవరో.

హదస్సా చంపే దారి వెతుకుతూ కూర్చున్న మాట నిజం. ఆ సీసాను చూసి సంబరపడిన మాటా నిజం. "నేను పెట్టలేదు," అంది. అది తన చెవులకే అబద్ధంలా వినిపించింది.

కిషన్ నంబర్ నొక్కుతున్నాడు. అనసూయమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"మేడంను అనకు సేటూ. సీసల నేనే పోసిన. డబ్బా బరువుంది, లేస్తలేదంటే, సీసల పోసుకోమని నువ్వే అన్నవ్ గదా."

"నేనెప్పుడన్న?"

"మొన్న. గీ గల్లా కాడ కూసోనే అన్నవ్."

కిషన్ ఫోన్ దించేశాడు. "అన్న," అన్నాడు చివరికి. "బరాబర్ అన్న."

సోమయ్య కుర్చీలో కూలబడ్డాడు. గొంతు మీది చెయ్యి తియ్యలేదు. కుండలోంచి ముంచి తెచ్చిన నీళ్లు కూడా ముట్టలేదు. హదస్సా ఆయన పక్కన కూర్చుని, సీసాను తాను ముందే చూసిన సంగతి, చూసీ చెప్పకపోయిన సంగతి చెప్పింది.

ఆయన ఆమె కాలిన మణికట్టు వంక చూశాడు. "టైముకు లేసినవ్ గదా బిడ్డా," అన్నాడు.

లోపల అనసూయమ్మ తన సంచి సర్దుకుంటోంది. హదస్సా లేచి కిషన్ ముందు నిలబడింది. "ఆమెను మానిపిస్తే ఊరుకోనండీ."

"ఎవలు మానిపిస్తున్నరు టీచర్? తప్పు నాది," అన్నాడు కిషన్. ఆ పూటకు షట్టర్ దించేశాడు. యాసిడ్ డబ్బా హోటల్లోంచే తీసేయించాడు.

బడులు తెరిచేదాకా హదస్సా నవల జోలికి పోలేదు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు, హంతకుడెవరో తేల్చకముందే, అంట్లు తోమే మనిషినొకరిని కథలోకి తెచ్చింది. ఆమెకు ఏం పేరు పెట్టాలో అనసూయమ్మనే అడిగింది.

"నా పేరైతే పెట్టకు మేడం," అంది అనసూయమ్మ. "నాగజ్యోతి అని పెట్టు. చిన్నప్పుడు నాకు ఆ పేరే ఉంటే బాగుండు అనుకునేదాన్ని."