కాశీలో వదిలిన టీ

పోయిన వారం డాక్టరు నా రిపోర్టు చూసి, షుగరు గీత దాటేలా ఉంది, కాకరకాయ బాగా తినమన్నాడు. మా ఆవిడ ఆ సాయంత్రమే అరకేజీ తెచ్చింది. మర్నాడు కంచంలో కాకరకాయ వేపుడు చూడగానే చెయ్యి ఆగిపోయింది. "దీన్ని నేను కాశీలో వదిలేశాను" అన్నాను. ఆవిడ నమ్మలేదు. నేను దేవుడికి దణ్ణం పెట్టగా పండక్కీ పబ్బానికీ తప్ప చూడని మనిషి, నమ్మకపోవడంలో తప్పు లేదు. కానీ నిజంగానే వదిలాను, పీజీ చదివే రోజుల్లో, ఖాట్మండు వెళ్తూ దారిలో.

అప్పట్లో విజయనగరంలో ఒకే గదిలో అద్దెకుండే ముగ్గురం. నౌపడ ఉప్పుమడుల దగ్గర్నుంచి వచ్చినవాణ్ణి నౌపడోడు అనేవాళ్ళం. ఇంకొకడు కొత్తవలసలో కిరాణా కొట్టున్న షావుకారి కొడుకు. ఎవరికీ చుట్టం కాదు గానీ కాలేజీ మొత్తానికీ బావే. ముగ్గురం రైల్వే పరీక్ష రాశాం. ఫలితాలొచ్చేదాకా గదిలో కాలు నిలవక, పాస్‌పోర్టు అక్కర్లేని పరదేశం కదా అని ఖాట్మండు బయల్దేరాం. నాకూ నౌపడోడికీ అది షికారు. బావకి కాదు. "ఈపాలి ఉజ్జోగం రాకపోతే కొట్లో కూసో" అని వాళ్ళ నాన్న తేల్చి చెప్పేశాడు. కిరండూల్ లైను రైళ్ళ కూతలు వింటూ, ఎప్పుడు ఎక్కుదామా అని పెరిగినవాడికి చింతపండు బస్తాల మధ్య బతుకంతా కూర్చోవడమంటే ప్రాణం పోయినంత పని. కాశీ రైల్లో కూడా కుదురుగా కూర్చోలేదు. సీటుకీ తలుపుకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ, ఆగిన ప్రతి స్టేషన్లోనూ దిగి టీ తాగేవాడు. అన్నం లేకపోయినా ఉండగలడు గానీ టీ లేకపోతే బావ బావ కాడు.

కాశీలో దిగుతుండగానే మా నాయనమ్మ ఫోను. "ఒరే, కాశీ ఎలితే ఇట్టవైందొకటి వొగ్గీయాల. మర్సిపోకు." గంగలో మునిగి లేచి ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నాం. నేను కాకరకాయ అన్నాను. చిన్నప్పట్నుంచీ అదంటే నాకు పడదు. నౌపడోడు పొట్లకాయ అన్నాడు, వాడికీ అంతే. మా వైపు కాశీ వెళ్ళొచ్చిన పెద్దల్లో సగం మంది చేసిన పనే ఇది. బావ మాత్రం కాసేపు నడుంలోతు నీళ్ళలోనే నిలబడి, "టీ" అన్నాడు.

"నీకేటైనా పిచ్చా బావా? సలి దేశం ఎల్తన్నాం" అన్నాడు నౌపడోడు.

"పుచ్చు సరుకిచ్చి మంచి సరుకడుగుతారేటిరా?"

షావుకారి బిడ్డ అనిపించుకున్నాడని పగలబడి నవ్వాం.

సరిహద్దు దాటగానే మా సిమ్ములు పనిచెయ్యడం మానేశాయి. అక్కడి గడియారం మనకంటే పావుగంట ముందు. మేమిద్దరం ముళ్ళు తిప్పుకున్నాం. బావ ససేమిరా అన్నాడు. "రిజల్టు మన టైముకే వస్తాది." ఖాట్మండులో ఇటుకరంగు గుళ్ళూ, పావురాలూ, దుమ్మూ, అగరుబత్తి వాసనా. బావకి ఏదీ పట్టలేదు. పశుపతినాథుడికి దణ్ణం పెడుతూ కూడా గడియారం చూసుకున్నాడు. ఇంటర్నెట్ కొట్టుకి వెళ్తే కరెంటు లేదు. ఆ రోజుల్లో ఆ ఊళ్ళో కరెంటు ఉండే వేళలకంటే లేని వేళలే ఎక్కువ. ఎదురుగా టీకొట్టులో ఒక పెద్దావిడ అల్లం, యాలకులు దంచి వేసి మరిగిస్తోంది. మేం తాగుతున్నంతసేపూ బావ వీధి చివరిదాకా నడవడం, తిరిగి రావడం, మళ్ళీ నడవడం. "కూసోరా బాబూ, నాకు కళ్ళు తిరుగుతన్నాయి" అని కసిరాను. నిజానికి నాకూ లోపల కుదురు లేదు. నాకొచ్చి వాడికి రాకపోతే ఎలాగా అని బెంగ.

మర్నాడు పొద్దున్న కరెంటొచ్చింది, రిజల్టూ వచ్చింది. నా నెంబరుంది. నౌపడోడిదీ ఉంది. బావ ఆ పేజీలన్నీ పైకీ కిందకీ జరుపుతూనే ఉన్నాడు, మళ్ళీ కరెంటు పోయి తెర నల్లబడేదాకా. తర్వాత బయటికొచ్చి టీకొట్టు బల్ల మీద కూర్చున్నాడు. ఊరు దాటాక వాడు కదలకుండా కూర్చోవడం అదే మొదలు. చూస్తే నాకు ఏడుపొచ్చింది. నా గ్లాసు వాడి చేతిలో పెట్టి, "తాగీరా బావా. ఆ దేవుడు ఇవ్వనేదు కదా, మరి నీకెందుకీ నేమం?" అన్నాను. గ్లాసుతో అరచేతులు వెచ్చబెట్టుకుని మళ్ళీ నాకే ఇచ్చేశాడు.

"ఇచ్చీసిన సరుకు ఎనక్కడిగితే దాన్ని బేరం అంటారేటిరా?"

ఈసారి ఎవరం నవ్వలేదు.

బావ ఇప్పుడు ఆ కొట్లోనే ఉన్నాడు. నేను వెళ్తే టీ తెప్పిస్తాడు, తను తాగడు. నేనేమో స్టేషన్లో ఒక గదిలో కూర్చుని వచ్చే రైలునీ పోయే రైలునీ పంపిస్తుంటాను. కాకరకాయ కంచం ముందు కూర్చునే బావకి ఫోన్ చేశాను, కాశీలో వదిలింది తినొచ్చా అని. పడీ పడీ నవ్వాడు. "ఇట్టం లేనిది వొగ్గీస్తే లెక్కలోకి రాదురా. తినీ." ఆ నవ్వు వెనకాల ఏదో రైలు కూత వినిపించింది.

వేపుడు తిన్నాను. చేదుగానే ఉంది. అప్పుడు ఖాట్మండు నుంచి తిరిగొస్తూ సరిహద్దు దగ్గర మేమిద్దరం గడియారాలు పావుగంట వెనక్కి తిప్పుకున్నాం. బావ బస్సు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు, వాడికి ఆ అవసరం లేదు కనక. కాలం మా మాట విని వెనక్కి తిరిగింది ఆ ఒక్క పావుగంటే.