నాలుగు ఆదివారాల సంబంధం

మద్దిలపాలెం డిపో వెనక సందులో చిలకమ్మ దగ్గర జాకెట్టు కుట్టించుకోవాలంటే కాస్త తీరిక చేసుకుని వెళ్లాలి. కొలతలు తీసుకోవడం ఆవిడకి రెండు నిమిషాల పని. కాని టేపు చేతిలోకి తీసుకుందంటే చాలు, ముందురోజు చూసిన కొరియా సీరియల్లో ఎవరెక్కడ తప్పు చేశారో చెప్పడం మొదలుపెడుతుంది. అది పూర్తయ్యేసరికి అరగంట.

“సెయ్యెత్తమ్మా... ఆ ఈరోయిను గుంటని సూడు. ఇల్లు గడవట్లేదని ఏడుత్తాది. సీనుకో కోటు మారుత్తాది. ఆ కోటుకి లైనింగే మూడు మీటర్లు పడతాది. కుట్టేవోలకి తెలీదేటి?”

చిలకమ్మకి యాభై రెండేళ్లు. విజయనగరం దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టింది. మొగుడు గురునాథరావుకి పోర్టులో ఉద్యోగం దొరికితే విశాఖపట్నం వచ్చి, అప్పట్నుంచీ ఆ సందులోనే మిషను తొక్కుతోంది. ఒక్కతే కూతురు, దేవిశ్రీ. మధురవాడలో ఒక కంప్యూటర్ కంపెనీలో పని చేస్తుంది. మూడేళ్ల కిందట కొత్త ఫోను కొనుక్కుని, పాతది అమ్మకిచ్చి, అందులో తెలుగులో డబ్ చేసిన కొరియా సీరియల్ ఒకటి పెట్టింది. చిలకమ్మ ఆ ఫోనుని మిషను పక్కన దారపు ఉండల డబ్బాకి ఆనించి పెట్టుకుంది. కళ్లు కుట్టు మీద, చెవులు సీరియల్ మీద. సంగీతం మారినప్పుడు మాత్రం తల ఎత్తి చూస్తుంది.

“ఆ పియానో మోగిందంటే ఈరో గొడుగట్టుకొని వత్తన్నట్టే” అంటుంది.

కొరియావి అయ్యాక చైనావి, తరవాత థాయిలాండువి. దేనికదే అభిప్రాయం. చైనా రాజుల కథలంటే ఆ చేతుల కోసమే చూస్తుంది. ఒక్కో చెయ్యికీ నాలుగు మీటర్ల పట్టు, దాని మీద అల్లిక. కత్తి యుద్ధం చేస్తున్నా కుట్టు ఊడదు. “ఆ టైలరికి దండవెట్టాలి” అంటుంది. థాయిలాండు అత్తగార్లు చెంపదెబ్బలు కొట్టడం ఆవిడకి నచ్చలేదు. అమ్మాయి చెయ్యి పట్టుకుని లాక్కుపోయే హీరోలైతే అసలు పనికిరారు. “మన బస్సుల కాంప్లెక్సులో అలా లాగితే సెప్పుతో కొడతారు. అక్కడేమో ఎనకాల పాటెడతారు!”

ఇన్ని చూశాక ఆవిడ మనసు నిలిచింది జపాను వాళ్ల షో ఒకదాని మీద. ముగ్గురు అబ్బాయిలూ ముగ్గురు అమ్మాయిలూ ఒకే ఇంట్లో నెల రోజులుంటారు. నచ్చితే కలుస్తారు, లేకపోతే దండం పెట్టి వెళ్లిపోతారు. అరుపుల్లేవు, ఏడుపుల్లేవు. ఒకబ్బాయి గిన్నెలు కడుగుతాడు, పక్కన ఒకమ్మాయి గుడ్డతో తుడుస్తుంది. ఎపిసోడంతా అంతే. ఈత కొలను పక్కన నిలబడి అరుచుకునే షోలు కూడా చిలకమ్మ రెండు చూసింది కాని, “ఈల్లు పెళ్లికొచ్చినారా, కొట్లాటకొచ్చినారా?” అని మధ్యలోనే ఆపేసింది. గిన్నెల షో మాత్రం రెండుసార్లు చూసి, అందులోంచి ఒక సూత్రం తీసింది. తిన్న పళ్లెం తనే ఎత్తినవాడే మంచి మొగుడు.

ఇది ఇలా ఉండగా దేవిశ్రీకి ఇరవై ఆరు నిండాయి. రెండు పెళ్లిచూపులయ్యాయి. మొదటి అబ్బాయి కూర్చున్నంతసేపూ ఫోను చూసుకున్నాడు. రెండో అబ్బాయి పెట్టినవన్నీ తిని, “వంట వచ్చా?” అని అడిగి వెళ్లాడు. మూడో సంబంధం గోదావరి వైపు నుంచి వచ్చి స్టీల్‌ప్లాంటు ఉద్యోగంతో ఇక్కడే స్థిరపడిన కుటుంబానిది. తండ్రి భీమశంకరరావు రిటైరయ్యాడు. తల్లి నాగమణి. కొడుకు నాగవంశీ ప్లాంటు ల్యాబులో పరీక్షలు చేస్తాడు. ఫొటో చూపిస్తే దేవిశ్రీ కన్నెత్తి చూడలేదు.

“అబ్బాయి బాగోలేదని కాదమ్మా. మళ్లీ ఆ పది నిమిషాలు బాల్కనీలో నిలబెట్టి మాట్లాడుకోండంటారు. పది నిమిషాల్లో నేను ఒక చుడీదార్ కూడా ఎంచుకోలేను.”

చిలకమ్మ మిషను ఆపింది. గిన్నెల షోలో పిల్లలకి నెల రోజులిచ్చారు. తన పిల్లకి పది నిమిషాలా? ఆ మాట బుర్రలో పడ్డాక ఆవిడ ఆగలేదు. వెంటనే నాగమణికి ఫోను చేసింది.

“నాను సెప్పేది ఇనండి. పెళ్లిచూపులొద్దు. నాలుగాదివారాలు కలుద్దారి. రెండిళ్లోలమూ. ఆల్లిద్దరూ సూసుకుంటారు, మనమూ సూసుకుంటాం. నాలుగో ఆదివారందాకా ఎవులూ ఔనని గాని, కాదని గాని అనకూడదు.”

అవతల వెనక నుంచి భీమశంకరరావు గొంతు వినిపించింది. “ఇది పెళ్లా, పోటీ పరీక్షా?”

నాగమణి గొంతు తగ్గించి అడిగింది. “ఏవండీ చిలకమ్మగారూ, మీరు గాని ఆ జపాను వాళ్ల ఇంటి షో చూస్తున్నారా?”

చిలకమ్మ ఫోను రెండో చెవికి మార్చుకుంది. “మీరూనా?”

“ఎవరికీ చెప్పకండి. మా ఆయన నన్ను భక్తి చానల్ చూస్తున్నాననుకుంటున్నారు.”

మొదటి ఆదివారం చిలకమ్మ ఇంట్లో భోజనం. అందరూ కలిసి వండాలని షరతు. నాగవంశీ బెండకాయలు తరిగాడు. ల్యాబులో అలవాటేమో, ప్రతి ముక్కా ఒకే కొలతలో రావాలని అంత నిదానంగా తరుగుతుంటే దేవిశ్రీ పక్కన కూర్చుని, “కూర ఇవాళ్టికేనా?” అంది. అతను నవ్వి, “రేపటికైతే ఇంకా బాగా తరుగుతాను” అన్నాడు. చిలకమ్మ వంటగది గుమ్మంలోంచి అన్నీ చూసింది. భోజనాలయ్యాయి. అసలు ఘట్టం ఇప్పుడే. నాగవంశీ చెయ్యి కడుక్కుని వచ్చి, పళ్లెం అక్కడే వదిలేసి, గురునాథరావుతో క్రికెట్ మాటల్లో పడ్డాడు.

“పోనాది” అంది చిలకమ్మ లోలోపల.

రెండో ఆదివారం సింహాచలం. బస్సులో కొండెక్కారు. పిల్లలు ముందు, పెద్దలు వెనక. చిలకమ్మ లెక్క ప్రకారం అబ్బాయి అమ్మాయి సంచి అందుకోవాలి. అందుకోలేదు. క్యూలో అమ్మాయి కొంగు కాలికి చుట్టుకుని తూలితే అబ్బాయి పట్టుకోవాలి. అదీ జరగలేదు, దేవిశ్రీ వేసుకున్నది చుడీదార్. ఇద్దరూ క్యూలో నిలబడ్డంతసేపూ ఏదో వాదించుకున్నారు. దర్శనమయ్యాక ప్రసాదం దగ్గర కూడా వాదన తెగలేదు.

“కొట్లాడుకుంటన్నారు” అంది చిలకమ్మ దిగులుగా.

“ఇడ్లీలోకి చట్నీయా కారప్పొడా అని అండి” అంది నాగమణి. ఆవిడ వెనకే నడిచి విని వచ్చింది.

ఆ రాత్రి దేవిశ్రీ ఒక బాంబు పేల్చింది. “వచ్చే ఆదివారం మేమిద్దరమే వెళ్తాం. మీరెవరూ రావద్దు.”

“నాను లేకుండా ఏటెల్తారు?”

“అమ్మా, నువ్వు చూసే షోలో వాళ్లమ్మ వెనకాల నడుస్తుందా?”

చిలకమ్మ ఫోను బోర్లించి పెట్టి వంటగదిలోకి పోయింది.

మూడో ఆదివారం పిల్లలిద్దరూ బండి మీద భీమిలి వెళ్లారు. చిలకమ్మకి ఇంట్లో కాలు నిలవలేదు. సెలవైనా షాపు తీసింది. ఒక జాకెట్టుకి ఎడమ చెయ్యి తెచ్చి కుడివైపు కుట్టింది. విప్పి మళ్లీ కుడివైపే కుట్టింది. అప్పుడే గుమ్మంలో నాగమణి కనపడింది. చేతిలో జాకెట్టు గుడ్డ.

“ఇటుపక్క పనుండి వచ్చానండి” అంది. వాళ్లుండే కూర్మన్నపాలెం నుంచి రెండు బస్సులు మారి ఎవరూ ఇటుపక్క పనుండి రారు. చిలకమ్మ కుర్చీ దులిపి వేసింది. ఇద్దరూ టీ తెప్పించుకుని, ఫోను మధ్యలో పెట్టుకుని, ఒక కొత్త కొరియా సీరియల్ మొదలుపెట్టారు. పావుగంటలోనే గొడవ వచ్చింది. నాగమణికి రెండో హీరో నచ్చాడు.

“పాపం, ఎంత మంచివాడండీ! అమ్మాయికి ఏం కావాలో ముందే కనిపెడతాడు. మొదటివాడు ముఖం ముడుచుకుని తిరుగుతాడు, అంతేగా!”

“ఆ రెండోవోడు నోరిప్పి సెప్పడండీ. సెప్పనోడి మనసు ఎవులికి తెలుత్తాది?”

“చెప్పకుండా చేసేవాళ్లే గట్టివాళ్లు. మా ఆయనలా కాదులెండి. ఆయన చెప్పడమే గాని చెయ్యడం లేదు” అని నవ్వి, నాగమణి మిషను మీదున్న సూదుల దిండు చేతిలోకి తీసుకుంది. దాని మీద పది పన్నెండు సూదులు, అన్నింటికీ దారాలు ఎక్కించి, రంగుల వరసలో గుచ్చి ఉన్నాయి. “ఎంత ముచ్చటగా పెట్టుకున్నారండీ!”

“నాను కాదు. మా ఆయన. నాకు దగ్గర సూపు ఆనట్లేదు. రోజూ డ్యూటీకి ఎల్లేముందు ఎక్కించి ఎల్తాడు.”

“రోజూనా?”

“ఆరేళ్లనుంచి.”

నాగమణి దిండు మెల్లిగా బల్ల మీద పెట్టి చిలకమ్మ వంక చూసింది. “మీరు అడిగారా?”

చిలకమ్మ ఆలోచించింది. అడిగిన గుర్తు లేదు. ఒకరోజు దారం ఎక్కించలేక విసుక్కుంది. మర్నాడు పొద్దున షాపు తెరిచేసరికి సూదులన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఆయనా ఏమీ అనలేదు, తనూ ఏమీ అనలేదు. ఏ రోజు ఏ రంగు గుడ్డ కుడుతుందో చూసి మరీ ఆ రంగు దారాలే ఎక్కిస్తాడు. ఇన్ని సీరియళ్లు చూసి, ఇంతమంది హీరోలకి మార్కులేసి, ఆయన్ని మాత్రం ఏనాడూ ఆ లెక్కలోకి తీసుకోలేదు. ఆవిడ టీ గ్లాసు ఎత్తి ఖాళీ గ్లాసే తాగింది.

“ఓలమ్మో” అంది చివరికి. “నాదీ రెండో హీరోయే!”

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. కళ్లు తుడుచుకుంటూ నాగమణి, “ఆ సీను కాస్త వెనక్కి జరపండి వదినగారూ, నవ్వులో పడి చూడలేదు” అంది. వదినగారూ అన్న మాట ఇద్దరికీ ఒకేసారి వినపడింది. పిల్లలింకా ఏ సంగతీ చెప్పనేలేదు. అయినా ఎవరూ దాన్ని సరిదిద్దలేదు.

అయిదింటికి బండి వచ్చి షాపు ముందాగింది. ఇద్దరి ముఖాలూ ఎండకి కమిలి ఉన్నాయి. తల్లులిద్దరూ ఒక్కచోటే కనపడేసరికి నాగవంశీ తత్తరపడి హెల్మెట్ తియ్యడం మరిచిపోయాడు.

“మాకు ఇష్టమే” అంది దేవిశ్రీ సూటిగా.

“ఏటి మాటాడుకున్నారు?”

“అది చెప్పం.”

తల్లులిద్దరూ ఉసూరుమన్నారు. మూడు వారాల కథలో ముఖ్యమైన ఎపిసోడు తమకి దక్కలేదు. చిలకమ్మ కూతుర్ని పక్కకి లాగి గుసగుసగా అడిగింది. “ఆడు ఆ రోజు పళ్లెం ఎత్తలేదు. గవనించినావా?”

“నేను ఎత్తానా?”

పుట్టి ఇరవై ఆరేళ్లయినా దేవిశ్రీ ఇంట్లో తిన్న పళ్లెం ఎత్తిన పాపాన పోలేదు. చిలకమ్మ ఎత్తనిచ్చిందీ లేదు. ఎత్తేది తనే.

“మీరిద్దరమ్మలూ కలిసి మమ్మల్ని పాడుచేశారని మాట్లాడుకున్నాం. ఇది ఒక్కటీ చెబుతాను, మిగతావి అడక్కు” అంది దేవిశ్రీ.

ఒప్పుకున్నాక నాలుగో ఆదివారం అక్కర్లేదనుకున్నారు అందరూ. కాని ఆ రోజు సాయంత్రం భీమశంకరరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఇంట్లో అందరికంటే ముందు గుమ్మంలో నిలబడ్డాడట. “నాలుగన్నారు. నాలుగూ జరగాల్సిందే” అన్నాడట. సరేనని రెండిళ్లవాళ్లూ బీచికి చేరారు. ఆయనా గురునాథరావూ పక్కపక్కన కూర్చుని, దూరంగా లంగరేసి ఉన్న ఓడల్ని చూస్తూ మాటల్లో పడ్డారు.

“మా ప్లాంటు ఇనుము మీ పోర్టు మీంచేనండి పోయింది, ఇన్నేళ్లూ” అన్నాడు భీమశంకరరావు.

“నానే ఎక్కించినానేమో, ఎవులికి తెల్సు” అన్నాడు గురునాథరావు. ఆ రోజంతటికీ ఆయన మాట్లాడిన పెద్ద మాట అది.

పెళ్లి మాఘమాసంలో అనుకున్నారు. రెండు వైపులా జాకెట్లన్నీ చిలకమ్మే కుడతానంది. మరమరాల మురీ మిక్స్చరు పొట్లాలు వచ్చాయి. పిల్లలిద్దరూ చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్లంచున నడుస్తూ చాలా దూరం వెళ్లారు.

“ఇప్పుడు చెయ్యి పట్టుకుంటాడంటారా వదినా?” అంది నాగమణి మెడ సాచి.

“సూడకొదినా. ఇటు తిరుగు. ఆల్లని ఒగ్గేద్దారి” అంది చిలకమ్మ. ఇద్దరూ గట్టిగా నిర్ణయం తీసుకుని, సముద్రానికి వీపు పెట్టి, రోడ్డు వైపు తిరిగి కూర్చున్నారు. మిక్స్చరులో నిమ్మరసం ఎక్కువైందని మాట్లాడుకుంటున్నారు.

భీమశంకరరావు మాత్రం జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, గురునాథరావు భుజం పట్టి కుదిపాడు.

“అమ్మాయే ముందు పట్టుకుందండోయ్!”