మా లైబ్రరీ పుస్తకాలకు మస్టర్ పిలిచిన రోజులు

ఇది రాసి పెట్టక తప్పడం లేదు. మొన్న ఒక పెళ్లిలో మా బావ ఈ కథ చెబుతూ, కాలనీ లైబ్రరీ కంప్యూటర్‌ను చెడగొట్టింది నేనేనని పదిమంది ముందు చాటి, బాగుచేసింది మాత్రం ఎవరో అన్నట్టు దాటేశాడు. మొదటి సగం నిజమే. రెండో సగం కోసమే ఈ రాత.

ఆ రోజుల్లో గోదావరిఖనిలో నాకు ఇరవై ఏళ్లు. డిగ్రీ మధ్యలో వదిలేసి లైబ్రరీనే కాలేజీ చేసుకున్నాను. అక్కడ ఒకే ఒక కంప్యూటర్ ఉండేది. అందరూ పెళ్లి ఫోటోల పెన్‌డ్రైవులు తెచ్చి గుచ్చడంతో దానికి పట్టని వైరస్ లేదు. ఆన్ చేసి, చాయ్ తాగి వచ్చి, పేపరంతా చదివినా తెర మీద గుండ్రం తిరుగుతూనే ఉండేది. శనివారం బొగ్గు కంపెనీ ఆఫీసర్ సార్ తనిఖీకి వస్తున్నారని, పనిచేయకపోతే దాన్ని స్క్రాప్‌కు పంపుతారని కబురొచ్చింది. లైబ్రరీ చూసుకునే అక్క ముఖం వాడిపోయింది. "కంప్యూటర్ పోతే నన్ను గూడ క్లబ్బుకు పంపుతరట తమ్మీ. ఆడ కేరం బిళ్లలు ఏరుకుంట కూసోవాలె" అంది.

"ఫికర్ చెయ్యకు అక్కా, విండోస్ తీసి లినక్స్ ఎక్కిస్త" అన్నాను. మా లైబ్రరీలోనే దాని మీదున్న లావు పుస్తకాన్ని మూడుసార్లు చదివినవాణ్ని మరి! ఎవరూ కొనక్కర్లేదు, పాత మిషన్ మీదా నడుస్తుంది, పెన్‌డ్రైవుల వైరస్‌లు దాని జోలికి రావు అని ఉపన్యాసం కూడా ఇచ్చాను. పుస్తకంతో వచ్చిన సీడీ పెట్టగానే తెర ఒక ప్రశ్న అడిగింది: ముందు వాడి చూస్తారా, నేరుగా ఎక్కిస్తారా? బొగ్గు బావిలో పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టే మా నాయిన (ఆ రోజు రెండో షిఫ్టు, పొద్దున ఖాళీ) వెనకే నిలబడి, "మొదలు వాడి సూడు బిడ్డా. బాయిల పైకప్పును తట్టి సప్పుడు వినకుంట ఎవడన్న కింద అడుగు వెడ్తడా?" అన్నాడు. "నేను చదివిన గదా నాయినా" అని నేరుగా ఎక్కించేశాను. కంప్యూటర్‌లో ఉన్నదంతా తుడిచేయమంటావా అని అది మర్యాదగా మళ్లీ అడిగింది. మర్యాదగానే అవునన్నాను.

అరగంటలో కంప్యూటర్ కొత్త పెళ్లికొడుకులా లేచి కూర్చుంది. నేను కాలరు సర్దుకుంటుండగా అక్క మెల్లగా, "తమ్మీ, నా లిస్టేది?" అంది. నాలుగు నెలలు కూర్చుని ఆమె ఎక్కించిన వెయ్యికి పైగా పుస్తకాల జాబితా పాత సిస్టమ్‌తో పాటే పోయింది. అక్క తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నాయిన మాత్రం, "కూలింది" అన్నాడు.

శనివారానికి మూడు రోజులే ఉన్నాయి. అప్పుడు ఆదుకున్నది, బావి దగ్గర షిఫ్టుకు ముందు పేర్లు పిలిచి హాజరు (మస్టర్) వేసే పని చేసి రిటైరైన మస్టర్ కాక. లైబ్రరీ పాత రిజిస్టర్ ఒళ్లో పెట్టుకుని స్టూలెక్కి, అదే గొంతుతో పుస్తకాల పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. డ్యూటీ దిగి వచ్చినవాళ్లు బీరువాల దగ్గర నిలబడి "ఉన్నది!" అని అరిచి, ఏ బీరువాలో ఎన్నో అరో చెప్పేవాళ్లు. జవాబు రాకపోతే, డ్యూటీకి రానివాడికి వేసినట్టే, "నాగా! రాయిరా!" అనేవాడు కాక. నేను తెలుగులోనే టైపు కొట్టుకుంటూ పోయాను. (పాత జాబితా ఇంగ్లీషు అక్షరాల్లో ఉండేది, పెద్దవాళ్లకు అందులో ఏదీ దొరికేది కాదు. కొత్త సిస్టమ్ తెలుగును తనతోనే తెచ్చుకుంది.) మూడో రోజు కాక నేను చదివిన ఆ లినక్స్ పుస్తకం పేరు పిలిచాడు. ఎవరూ పలకలేదు. నేను తలెత్తకుండా 'నాగా' అని కొట్టాను.

శనివారం ఆఫీసర్ సార్ ఒక పుస్తకం పేరు తెలుగులో కొట్టగానే, అది ఏ బీరువాలో ఎన్నో అరలో ఉందో తెర మీద ప్రత్యక్షమైంది. ఆయన కోస్తా మనిషి. "భలే ఉందండీ! ఎవరు కొనిచ్చారేంటి?" అన్నారు.

"ఎవ్వలు కొనియ్యలే సార్. ఎవరెవరో రాసి ఊకెనే ఇచ్చిండ్రట. మన లైబ్రరీ లెక్కనే. సదువుకోవచ్చు, ఇంకొకలకు ఇయ్యచ్చు" అంది అక్క. మూడుసార్లు చదివినా నాకు ఆ ముక్క తట్టలేదు.

సార్ కంప్యూటర్ ఉండనిమ్మని కాగితం మీద రాశారు. అక్క ఊపిరి పీల్చుకుంది. అంతలో, "దీని గురించి పుస్తకమేదో ఉందటగా, మా ఆఫీసులోనూ చూస్తాం, ఇప్పించండి" అన్నారు. అక్క వెతికింది. తెర మీద 'నాగా'. నేను కిటికీ వైపు చూశాను.

"నాగా కాదు సార్," అన్నాడు నాయిన. "మూడు నెలల సంది వీని మెత్త కింద డ్యూటీ చేస్తున్నది."

అక్క ఆ రోజు మొదటిసారి నవ్వింది. నేను దిండు కింది పుస్తకం కోసం ఇంటికి పరుగెత్తాను.

కాబట్టి నా కృతజ్ఞతలు తిట్టని అక్కకు, స్టూలు దిగని మస్టర్ కాకకు, తట్టి చూడమన్న నాయినకు, బొగ్గు చేతులు కడుక్కుని వచ్చి "ఉన్నది" అని అరిచిన షిఫ్టు అన్నలకు, ముఖం చూపించకుండా ఇంత పని చేసి ఊరికే ఇచ్చిన ఆ రాతగాళ్లకు, ఇది రాయించిన బావకు. ఇప్పుడు నేను ఏది ఎక్కించినా ముందు తట్టి చూస్తాను. అయినా, మూడుసార్లు చదివి మొదటి ప్రశ్నకే తప్పు నొక్కిన ఆ ఇరవై ఏళ్లవాడికి కూడా ఒక నమస్కారం. వాడు ఆ రోజు తట్టి చూసి ఉంటే పాత జాబితా మిగిలేది, మా పుస్తకాల పేర్లు ఇంకా ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండేవేమో.