రొయ్యల షెడ్డులో మస్తానత్త

టీకాల డబ్బాలో ఐసు ప్యాకులు సర్దుతుంటే వేళ్ల చివరలు మొద్దుబారతాయి. తెనాలి దగ్గర ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సుగా చేరి పన్నెండేళ్లయినా, ఆ చల్లదనం తగలగానే పచ్చి రొయ్యల వాసన వచ్చినట్టే ఉంటుంది. ఒక్క క్షణం నేను పదకొండేళ్ల పిల్లనై, రేపల్లె శివార్లలో ఒక రేకుల షెడ్డు కింద తడి గచ్చు మీద గొంతుక్కూర్చుని ఉంటాను. నా పక్కన అమ్మ. అమ్మ పక్కన మస్తానత్త.

మస్తాన్‌బీ మాకు చుట్టమేమీ కాదు. అమ్మ ఆమెను వదినా అని పిలిచేది కాబట్టి నాకు అత్త అయింది. బక్కపలచటి మనిషి, గొంతు మాత్రం షెడ్డంతా వినిపించేది. ఎనిమిదో ఏట వాళ్లమ్మ పక్కన కూర్చుని రొయ్యలు వలవడం మొదలుపెట్టిందట. ఐసు నీళ్లలో నాని నాని ఆమె వేళ్ల మీద గీతలు చెరిగిపోయాయి. తర్వాతి రోజుల్లో రేషన్ షాపులో యంత్రం ఆమె వేలిముద్రను ఒక్కసారికి గుర్తుపట్టిన పాపాన పోలేదు. నేను ఆ షెడ్డుకు వచ్చింది నాన్న వల్ల. రైసు మిల్లులో బస్తాలు దించుతూ ఆయన నడుం దెబ్బ తిని మంచాన పడ్డాక, ఐదో తరగతితో నా చదువు ఆగింది. నన్ను బడి మానమని ఎవరూ అనలేదు. ఒక ఉదయం అమ్మ తన క్యారేజీతో పాటు నాకూ ఒకటి సర్దింది, అంతే.

మాకు బకెట్టు లెక్కన కూలి. నాలాంటి పిల్లలం నలుగురం ఉండేవాళ్లం, మాకు ఆడవాళ్లకిచ్చే దాంట్లో సగం. ఒకరోజు అమ్మ ధైర్యం చేసి మేస్త్రిని రేటు పెంచమని అడిగింది. అతను కోప్పడలేదు. నవ్వుతూ నావైపు చూపించాడు.

"నీ కూతురు సగానికే వలుస్తోంది కదమ్మా. ఇంకా నీకు పెంచడం దేనికి?"

అమ్మ నావైపు తిరిగి చూసింది. ఆ చూపులో కోపమూ లేదు, జాలీ లేదు. నేను ఎవరో కొత్తపిల్లనన్నట్టు చూసింది. తర్వాత తన బకెట్టు ముందుకు లాక్కుంది. మస్తానత్త మాత్రం ఆ మాట విన్నది, మర్చిపోలేదు.

ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చి గడపలో కూర్చుంది. "సామ్రాజ్యం, పిల్లల్ని మానిపించేద్దాం," అంది.

"ఏంటి వదినా ఆ మాట? దాని కూలి రాకపోతే మా పొయ్యి వెలగదు."

"దాని కూలి వస్తుంది కాబట్టే నీ కూలి పెరగట్లేదు. మా అమ్మ పక్కన నేను కూర్చున్నప్పుడూ ఇదే జరిగింది. అప్పుడు చెప్పేవాళ్లు లేరు."

అమ్మ వెంటనే ఒప్పుకోలేదు. వారం రోజులు మస్తానత్త ఇంటింటికీ తిరిగింది. కొందరు తిట్టారు, ఒకావిడ తలుపేసుకుంది. అయినా ఒక ఉదయం పెద్ద లోడు దిగినప్పుడు, ఆడవాళ్లందరూ ఎవరి చోట్లో వాళ్లు కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. కుప్పల మీద ఐసు కరిగి కాలవలోకి పారుతోంది. ఓనరు మోటారు సైకిలు మీద వచ్చాడు.

"ఏంటి మస్తానమ్మా ఇదంతా?"

"పిల్లలు బయటికెళ్లాలండి. మాకు రేటు పెరగాలండి. రెండూ కావాలండి."

"పిల్లలు మానేస్తే నష్టం మీకేగా?"

"అది మేం చూసుకుంటామండి."

వేరే ఊరి నుంచి మనుషుల్ని దింపుతానన్నాడు. వాళ్లొచ్చేసరికి మధ్యాహ్నమవుతుందని, సరుకు అప్పటిదాకా ఆగదని అందరికీ తెలుసు. షెడ్డులో ఎవరూ ఒళ్లోంచి చేతులు తియ్యలేదు. భయమేసి నేనే ఒక రొయ్యను చేతిలోకి తీసుకున్నాను. మమ్మల్ని పనిలోంచి తీసేస్తే నాన్నకు మందులెలా అనేదే నా బాధ. అమ్మ నా గుప్పిట తెరిచి, ఆ రొయ్యను తీసి మళ్లీ కుప్పలో పడేసింది.

ఎండ ముదరకముందే ఓనరు దిగివచ్చాడు. అడిగినంత పెంచలేదు గానీ పెంచాడు. "ఇంకా చూస్తారేంటే, లేవండి, బయటికి పోండి," అని మస్తానత్త మమ్మల్ని తరిమింది. బయట ఎండలో నిలబడ్డ మాకు ఏం చెయ్యాలో తోచలేదు. కాసేపటికి ఎవరు మొదలుపెట్టారో గానీ నలుగురం నవ్వడం మొదలుపెట్టాం.

అన్నీ వెంటనే బాగుపడలేదు. నెల రోజులు మా ఇంట్లో ఒక పూటే వండారు. నలుగురిలో ఒక పిల్ల ఇంకో షెడ్డుకు పోయింది, ఆ సంగతి మస్తానత్త చివరిదాకా తలుచుకునేది. నేను మాత్రం బడికి పోయాను, తర్వాత బాపట్లలో హాస్టలుండే బళ్లో సీటొచ్చింది. సెలవులకు వస్తే మస్తానత్త మార్కులడిగేది కాదు. నా అరచేతులు తిప్పి చూసి, "మెత్తబడ్డాయి," అని తృప్తిగా వదిలేసేది. నర్సు ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడూ అదే చేసింది. రెండేళ్ల క్రితం, ఏ బాధా పడకుండా, మనవరాలు టీ తెచ్చేలోపు కన్నుమూసింది.

మొన్న వర్షాకాలంలో టీకాలకు తిరుగుతుంటే చుండూరు వైపు ఒక ఇంట్లో పదేళ్ల పిల్ల చంటిబిడ్డనెత్తుకుని కనిపించింది. తల్లి నాట్ల నుంచి వచ్చి, నేను తిడతానేమోనని గుమ్మంలోనే ఆగిపోయింది. నేను అడిగింది ఒకటే: "పిల్ల బడికెళ్తే ఇంట్లో ఏది ఆగిపోతుందమ్మా?" చంటిదాన్ని చూసేవాళ్లు లేరంది. అంగన్‌వాడీ తెరిచేసరికి కూలీల ఆటో వెళ్లిపోతుందట. అంగన్‌వాడీ టీచరుతో, ఆటో అతనితో మాట్లాడితే గంట తేడా సర్దుబాటైంది. అడిగేవాళ్లు లేక అన్నాళ్లూ ఆ పిల్ల బడి ఆగింది.

మరుసటి నెల వెళ్తే ఆ ఇంటికి తాళం వేసి ఉంది. "ఎవరూ లేరండి. పెద్దది బడికి, చిన్నది అంగన్‌వాడీకి," అంది పక్కింటావిడ. చంటిదానికి టీకా వెయ్యాలంటే ఊరి ఆ చివరున్న అంగన్‌వాడీ దాకా నడవాలి. నిండు ఎండ. నాకు ఆ నడక ఏమాత్రం బరువనిపించలేదు.