పార్కులో కట్టిన పల్లె

వనపర్తి నుంచి గద్వాల పోయే రోడ్డు పక్కన ఇప్పటికీ ఒక సిమెంటు డైనోసార్ నిలబడి ఉంది. తోక విరిగి ఇనుప చువ్వలు బయటికొచ్చాయి. బస్సులో కొత్తవాళ్లెవరైనా అదేమిటని అడిగితే, ఇక్కడ పార్కు ఉండేదని ఎవరో ఒకరు చెబుతారు. నేను చెప్పను. ఆ పార్కులో నేను మొదటి రోజు నుంచి తాళం పడిన రోజు దాకా పనిచేశాను.

డిగ్రీ అయిపోయి వనపర్తిలో మా నాన్న, అంటే అబ్బా, టైలరింగ్ దుకాణంలో కాజాలు కుడుతూ కూర్చున్న రోజులవి. పార్కు పెట్టిన సార్‌కు హైదరాబాద్ శివార్లలో పైపుల ఫ్యాక్టరీ ఉండేది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ బడుల పిల్లలంతా బస్సుల్లో వస్తారని, మల్దకల్ వెంకన్న దర్శనానికి పోయేవాళ్లు దారిలో దిగుతారని ఆయన నమ్మకం. చెలక భూములు కొని చుట్టూ గోడ కట్టించాడు. ముందు వైపు జారుడు బల్లలు, అలల కొలను, రెయిన్ డ్యాన్సు. వెనక వైపు ‘మన పల్లె’ అని ఒక విభాగం. దానికి నన్ను సూపర్‌వైజర్‌గా పెట్టుకున్నారు. నాకు గర్వంగా ఉండేది. మెడలో కార్డు వేసుకుని బస్సెక్కితే కండక్టర్ కూడా కార్డు వైపు చూసేవాడు.

ఆ పల్లెలో అన్నీ సిమెంటువే. మట్టిగోడలా రంగేసిన సిమెంటు గుడిసె, దాని మీద ప్లాస్టిక్ గడ్డి, నీళ్లు లేని బావి, ఎద్దులు లేని బండి. మనుషులు మాత్రం నిజమైనవాళ్లు. గోడకు అవతల వంద అడుగుల దూరంలో ముప్పై ఇళ్ల ఊరు ఉంది. భూములిచ్చిన ఆ ఊరివాళ్లకే పనులిస్తామని సార్ మాటిచ్చాడు. ఆ మాట ప్రకారమే వాళ్లను తెచ్చి ఇక్కడ ఊరివాళ్లుగా కూర్చోబెట్టాడు. వాళ్ల ఇళ్లకు స్లాబులున్నాయి, డిష్‌లున్నాయి. ఇక్కడికొచ్చాక చెప్పులు విప్పి, పూల పాలిస్టర్ చీరలు విప్పి, గళ్ల నూలు చీరలు కట్టుకోవాలి. మగవాళ్లకు పంచె, తలపాగా. ఆ బట్టలు కుట్టే పని అబ్బాకే ఇప్పించాను. ఊరోళ్లకు ఊరోళ్ల యేషం కుట్టుడేందని అబ్బా ఒకసారి అడిగాడు. సార్ చెప్పిండని అన్నాను. అబ్బా మళ్లీ మెషిన్ తొక్కాడు.

పొయ్యి దగ్గర కూర్చునే అవ్వకు అరవై దాటి ఉంటాయి. ఆమె రెండెకరాల చెలక అప్పటికే కార్లు పెట్టే జాగా అయింది. వయసులో ఉన్నప్పుడు పెనిమిటితో కలిసి ఎక్కడెక్కడి ప్రాజెక్టులకో మట్టి పనికి పోయింది. ఒక కాలువ గట్టు విరిగిపడి ఆయన అక్కడే పోయాడు. ఉన్న ఒక్క ఆడబిడ్డను కోడేరులో ఇచ్చి, తాను ఒంటరిగా ఉండేది. జొన్న రొట్టె ఆమె చేతిలో గుండ్రంగా తిరుగుతూ పలుచనవుతుంటే జనం చుట్టూ మూగేవాళ్లు. వేడి రొట్టె, ఎర్రకారం చేతిలో పెట్టేది. రోజూ ఇదే తింటారా అని ఒకామె ముద్దుగా అడిగితే, “మా ఇంట్ల బియ్యమే తింటం. గిది మీకే” అంది. ఆ మాట పార్కు మేనేజర్ చెవిన పడింది. ఇక నుంచి ‘రాండ్రి, తినుండ్రి’ తప్ప ఇంకో మాట మాట్లాడకూడదని నాతో చెప్పించాడు.

అవ్వ నవ్వింది. “పదేండ్లు పరాయి దేశంల మట్టి మోసిన. గాడ గూడ మాట్లాడొద్దని ఎవ్వరు అనలే బిడ్డా.”

ఆ తరువాత ఆమె నిజంగానే మాట్లాడలేదు. మాట్లాడకపోవడంతో జనానికి ఇంకా చనువు పెరిగింది. ఫొటో కోసం ఎవరో ఆమె నెత్తిన టోపీ పెట్టేవారు, భుజం మీద చెయ్యేసి రెండు వేళ్లు చూపించేవారు. ఒక పిల్ల ఈ అవ్వ నిజమైందా బొమ్మా అని అడిగి చేయి గిల్లి చూసింది. పిల్ల తల్లి ఫోన్‌లో అదంతా తీసుకుంటూ, ఇంకోసారి గిల్లమంది. నేను పక్కనే ఉన్నాను. నేనూ నవ్వాను.

చలికాలంలో ఊరి ముసలివాళ్లను కంటి ఆపరేషన్లకని పట్నం తీసుకుపోయారు. నాలుగో రోజు అవ్వ నల్లద్దాలు పెట్టుకుని తిరిగొచ్చింది. దవాఖానలో ఇచ్చిన కాగితం పట్టుకుని పొద్దున్నే బట్టలు మార్చుకునే గదికి నా దగ్గరికొచ్చింది. అక్కడ ఏదేదో చెప్పారు కానీ అంతమందిలో తనకు సరిగ్గా వినబడలేదట. కాగితం ఇంగ్లిషులో ఉంది, సదివి చెప్పమంది.

అన్నీ వరుసగా అచ్చువేసి ఉన్నాయి. చుక్కల మందు రోజుకు నాలుగుసార్లు. తలకు నీళ్లు పోసుకోవద్దు. వంగి బరువులెత్తొద్దు. నలభై రోజులు పొగకూ దుమ్ముకూ దూరంగా ఉండాలి.

ఆ రోజు ఆరు బస్సుల బడిపిల్లలు రావాల్సి ఉంది. రొట్టెలు చేసే ఇంకో ఆమె చెల్లెలి కాన్పుకని బల్మూర్ పోయింది. పొయ్యి ఖాళీగా కనపడితే రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదని మేనేజర్ ముందు రోజే నాతో అన్నాడు. చుక్కల మందు సంగతి చెప్పాను. తలకు పోసుకోవద్దని చెప్పాను. అక్కడ ఆపాను.

“పొగల కూసోవచ్చునా?” అని ఆమే అడిగింది.

“కూసోవచ్చు అవ్వా. పొగ గురించి ఏం రాయలే.”

కాగితం మడిచి ఆమెకిచ్చేశాను. పాతకాలం అవ్వలకు నల్లద్దాలుండవని మేనేజర్ అనడంతో అవి కూడా తీసి రొంటిన పెట్టుకోమన్నాను. ఆమె పొయ్యి ముందు కూర్చుంది. అవి పచ్చి కట్టెలు. మధ్యాహ్నం దాకా ఆపరేషన్ చేసిన కంట్లోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. మోచేత్తో తుడుచుకుంటూ రొట్టెలు తట్టింది. ఒక పంతులమ్మ పిల్లలను వరుసగా నిలబెట్టి, పల్లెల్లో అవ్వలు మన కోసం ఎంత కష్టపడతారో చూడండని చెప్పింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

రెండో వారానికి కన్ను ఎర్రబడింది. చుక్కలేసుకుంటే తగ్గుతుందన్నాను. బల్మూర్ పోయినామె తిరిగి వచ్చింది, అయినా అవ్వను పొయ్యి దగ్గరి నుంచి లేపలేదు. లేపితే ఎందుకు లేపానో చెప్పాల్సి వస్తుందని నా భయం. మూడో వారం ఆమె రాలేదు. కోడేరు నుంచి బిడ్డ వచ్చి దవాఖానకు తీసుకుపోయిందని తెలిసింది. చీము పట్టింది, ఆ కంటికి ఇక చూపు రాదన్నారట. పొగలో ఎందుకు కూర్చున్నావని, కాగితంలో రాసిస్తే చదువుకోలేదా అని డాక్టరు కోపం చేశాడట.

నెల తరువాత అవ్వ నా గదికి వచ్చింది. ఆ కన్ను పాలు పోసినట్టు తెల్లగా ఉంది. కాగితం విప్పి, ఎవరో చూపించిన చోట గుర్తుగా వేలు పెట్టింది.

“పొగల కూసోవద్దని గీడ రాసి ఉన్నదట. నువ్వు సదివినవ్ గద బిడ్డా. కనపడలేదా?”

“డాక్టర్ల చేతిరాత అవ్వా. నాకు సమజ్ కాలే” అన్నాను.

అది చేతిరాత కాదు. అచ్చు. ఆమెకు చదువు రాదు కాబట్టి ఆ తేడా తెలియదనుకున్నాను. ఆమె నా మొహం వైపు చాలాసేపు చూసింది. నేను బట్టలు లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్నాను. చివరికి ఆమె పనికి ఎప్పటి నుంచి రావాలని అడిగింది.

ఆ మాట మేనేజర్ దగ్గరికి మోశాను. తెల్లకన్ను ఫొటోల్లో బాగుండదు, పిల్లలు జడుసుకుంటారు అన్నాడు. ఆమెతో అలా చెప్పలేక, పొయ్యే తీసేస్తున్నామని చెప్పాను. మర్నాడు అదే పొయ్యి దగ్గర బల్మూర్ నుంచి వచ్చినామె కూర్చుంది. ఆ పొగ గోడ దాటి ఊరి మీదికి పోతుంటే చూస్తూ నిలబడ్డాను. అవ్వ ఇంటి వాకిలి నుంచి ఆ పొగ కనపడుతుందని నాకు తెలుసు.

పార్కు కూడా ఎంతోకాలం నిలవలేదు. ఎండాకాలం రాగానే అలల కొలను కోసం బోర్ల మీద బోర్లు వేశారు. గోడ అవతల చేతిపంపు గాలి కొట్టడం మొదలుపెట్టింది. ఒక ఆదివారం ఊరి ఆడవాళ్లంతా ఖాళీ బిందెలతో గేటు ముందు కూర్చున్నారు. లోపల రెయిన్ డ్యాన్సు నడుస్తోంది. వాళ్ల కేకలు వినపడకుండా మేనేజర్ పాటల సౌండు పెంచమన్నాడు, పైన నీళ్లు ఇంకా ఎక్కువగా వదలమన్నాడు. గేటు సందుల్లోంచి ఆ నీళ్లు కాలువ కట్టి బయటికి పారాయి. ఒకామె ఆ నీళ్లలో కొంగు తడిపి చంకలోని పసిదాని మొహం తుడిచింది. అవ్వ కూడా వాళ్లలో ఉంది. నన్ను చూసి మొహం తిప్పుకోలేదు. నేనే లోపలికి పోయాను.

ఎవరో తీసిన వీడియో అందరి ఫోన్లలో తిరిగింది. ఆఫీసర్లు వచ్చి బోర్లకు సీలు వేశారు. కొన్నాళ్లు పార్కుకు నీళ్ల ట్యాంకర్లు వచ్చాయి, తరువాత అవీ ఆగిపోయాయి. కొలనులో పాత నీళ్లే పచ్చబడ్డాయి. అందులో దిగిన పిల్లలకు ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయని బడులవాళ్లు రావడం మానేశారు. ఒక మధ్యాహ్నం సార్ వచ్చాడు. కారు దిగకుండానే లోపలంతా ఒక చుట్టు తిరిగి వెళ్లిపోయాడు. వారం తరువాత మేము పనికి పోయేసరికి గేటుకు తాళం వేసి ఉంది. మేనేజర్‌కు కూడా ఎవరూ చెప్పలేదు. టిఫిన్ డబ్బా పట్టుకుని మాతో పాటే రోడ్డు మీద నిలబడ్డాడు. అతని మొహం చూసి ఊరివాళ్లు నవ్వారు. జారుడు బల్లలను పాత ఇనుపవాళ్లు ముక్కలు చేసి లారీల్లో తీసుకుపోయారు. ప్లాస్టిక్ గడ్డిని ఊరివాళ్లు మేకల కొట్టాల మీద కప్పుకున్నారు.

ఇప్పుడు నేను నాగర్‌కర్నూల్‌లో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతున్నాను. పిల్లల చేత పాఠం పెద్దగా చదివించేటప్పుడు ఎవరైనా ఒక వాక్యం దాటేస్తే నాకు కోపం వస్తుంది. ఒకరోజు ఒక పిల్లను అందుకే కొట్టాను. ఆ సాయంత్రం ఫోన్ చేసి అబ్బాకు అవ్వ సంగతంతా చెప్పాను. ఆయన అంతా విని, “నాకెందుకు చెప్తున్నవ్?” అన్నాడు.

ఆదివారం కోడేరు పోయాను. అవ్వ అప్పటికి బిడ్డ దగ్గరే ఉంటోంది. వాకిట్లో చేట ముందు పెట్టుకుని పల్లికాయలు ఒలుస్తోంది. అవ్వా అని పిలిస్తే, తలెత్తకుండా గొంతుతోనే నన్ను గుర్తుపట్టింది. ఆమె బిడ్డ గ్లాసుతో నీళ్లిచ్చింది. నేను కూర్చోకుండానే చెప్పేశాను. కాగితంలో రాసి ఉందని, నేను చదివానని, తెలిసే అబద్ధం చెప్పానని.

అవ్వ చేతులు ఆగలేదు.

“నాకు గా దినమే తెల్సు. కాలువ పనుల్ల ఎన్ని కాగితాలు సూసిన. అచ్చేదో చేతిరాతేదో తెల్వదా?” అంది. “చెప్తవేమో అని నీ మొకం దిక్కే సూసిన. గప్పుడు చెప్తే నాకు జర మంచిగుండు. ఇప్పుడు చెప్తే నీకు మంచిగైతది.”

ఇంకా ఏమన్నా అంటుందని నిలబడ్డాను. తిడుతుందని కూడా అనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

“చెప్పినవ్ గద. ఇగ పో” అంది.

బస్సుకు ఇంకా గంట టైముంది. వాళ్ల ఇంటికి ఎదురుగానే బస్సు ఆగే చోటు. ఎండలో అక్కడే నిలబడ్డాను. కాసేపటికి ఆమె బిడ్డ రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చింది. వాళ్ల గ్లాసు నా చేతిలోనే ఉండిపోయిందని అప్పుడు చూసుకున్నాను. గ్లాసు తీసుకుని, నేను తాగని నీళ్లు దుమ్ములో పారబోసి వెళ్లిపోయింది.