హీటరు గొట్టంలో గోలీ

మొన్న శుక్రవారం పొద్దున టాక్సీ అడ్డా మీద చాయ్ తాగుతుంటే ఫోన్ వచ్చింది, ఉస్తాద్ పోయాడని. ఆదిలాబాద్‌లో మా బండ్లన్నిటికీ ముప్పై ఏళ్లు మెకానిక్కు ఆయన. పేరు పెట్టి పిలిచినవాణ్ణి నేనైతే చూడలేదు. అందరికీ ఉస్తాదే.

వార్త చెప్పగానే పక్కనున్న డ్రైవరు నిట్టూర్చాడు. "మంచోడే పాపం. గని ఆఖరికి చెయ్యి పాడైందిరా. నీ హీటరు గూడ పట్టుకోలేకపాయె."

నా చేతిలో చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. ఆ మాట ఊరంతా తిరగడానికి కారణం నేనే. అందుకే ఇది రాస్తున్నాను. ఏడో తరగతిలో బడి ఎగ్గొట్టినవాణ్ణి, తప్పులుంటే సర్దుకోండి. రాతలో తప్పుల సంగతే అంటున్నాను. చేసిన తప్పును సర్దుకోమని అడిగే మొహం నాకు లేదు.

ఉస్తాద్ తెల్ల బనీను, ఖాకీ ప్యాంటుతో ఉండేవాడు. బండి రాగానే బానెట్ ఎత్తేవాడు కాదు. ముందు ఇంజన్ నడిపించి, తల ఒక పక్కకు వంచి వినేవాడు. తెచ్చినవాడు పక్కన ఏదేదో చెప్పబోతే, "జర నోరు మూయి తమ్మీ. బండి అబద్ధం చెప్పది. తెచ్చినోడే చెప్తడు" అనేవాడు.

ఆయనతో నా చిలిపి పనులు కొత్తవి కావు. ఓసారి ఆయన చాయ్‌లో చక్కెరకు బదులు ఉప్పు కలిపాను. ఆఖరి చుక్కదాకా తాగి, మూతి తుడుచుకుని, "మంచిగైంది. నాకు షుగరుంది, షక్కర్ బంద్ చెయ్యమన్నడు డాక్టరు" అన్నాడు. అందరూ నన్ను చూసి నవ్వారు. ఆ షుగరు మాట అప్పుడే నా చెవిన పడింది. చెవిలోనే ఉండిపోయింది, బుర్రకెక్కలేదు.

కారుకు హీటరెందుకని కరీంనగర్‌లో మా బామ్మర్ది ఎగతాళి చేస్తాడు. వాణ్ణి పుష్యమాసంలో తెల్లవారుజామున మా దిక్కు రమ్మనాలి. చిన్నపిల్లలకు అక్షరాభ్యాసం చేయించడానికి బాసర పోయేవాళ్లు ఆ చలిలోనే బయలుదేరుతారు. హీటరు లేని బండి ఎక్కరు.

పోయిన చలికాలం నాకు బుద్ధి వంకరపోయింది. ఇంజన్లో కాగిన నీళ్లు ఒక గొట్టంలో హీటరుకు పోయి, ఇంకో గొట్టంలో తిరిగి వస్తాయి. పోయే గొట్టం విప్పి, అందులో గాజు గోలీ ఒకటి దూర్చి మళ్లీ బిగించాను. నీళ్లు ఆగిపోయి హీటరు చల్లగాలి కొట్టసాగింది. అడ్డా మీది నలుగురికీ సంగతి చెప్పి, వెంటబెట్టుకుని ఉస్తాద్ దుకాణానికి పోయాను.

"ఉస్తాద్, గిది హీటరా, కూలరా? జర చూడు."

ఆయన పద్ధతి మాకందరికీ తెలుసు. రెండు గొట్టాలను రెండు చేతులతో ఒక్క క్షణం పట్టుకుని కళ్లు మూసుకుంటాడు. రెండూ వేడిగా ఉంటే నీళ్లు తిరుగుతున్నట్టు, తప్పు డాష్‌బోర్డు లోపలున్నట్టు. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే గొట్టంలో అడ్డమున్నట్టు. రెండు నిమిషాల్లో గోలీ దొరుకుతుంది, నన్ను నాలుగు తిడతాడు, నవ్వుకుంటాం. నేననుకున్నది అంతే.

ఉస్తాద్ పట్టుకున్నాడు. కళ్లు మూశాడు. చాలాసేపు పట్టుకున్నాడు.

"రెండు గూడ వేడిగనే ఉన్నయి. డాష్‌బోర్డు ఇప్పాలె" అన్నాడు.

మావాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్కడైనా నేను నోరు విప్పాల్సింది. విప్పలేదు. రెండు రోజులు ఆ చలిలో ముడుచుకుని డాష్‌బోర్డు కింద పడుకుని, ఒక్కో భాగం ఊడదీసి చూశాడు. రెండో రోజు సాయంత్రం పదిమంది ముందు గొట్టం విప్పి, గోలీ తీసి చూపించాను. "ఉస్తాద్, నీ కొలువు ఖాళీ" అన్నాను. దుకాణమంతా నవ్వులు.

ఆయన కూడా నవ్వాడు. గోలీ తీసుకుని జేబులో వేసుకున్నాడు. కుడి అరచేతిలో పెద్ద బొబ్బ కనిపించింది. "ఏందుస్తాద్, రొట్టెలు గాల్చినవా?" అన్నాను. దానికీ నవ్వారు.

ఆ తర్వాత బండ్లు ఒక్కొక్కటే పక్క దుకాణానికి మళ్లాయి. ఎందుకని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఎదురుపడితే మాత్రం ఉస్తాద్ మునుపటిలాగే "హీటరు మంచిగ కొడుతుందా తమ్మీ?" అని అడిగేవాడు. దాన్ని మళ్లీ బిగించింది ఆయనే.

చావుకు పోయినప్పుడు ఉస్తాద్ భార్య నన్ను పక్కకు పిలిచింది. తిడుతుందేమోననుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఆయినకు రెండేండ్ల సంది చేతులల్ల స్పర్శ లేదు తమ్మీ. షుగరుతోని. వేడి తెల్వది, సల్ల తెల్వది. అన్నం గూడ నేను ముట్టి చూసి పెడుతుంటి. ఎవ్వలకు చెప్పకు, బండ్లు రావు అనేటోడు."

"గా బొబ్బ..."

"నీ బండి గొట్టమే. కాలేది తెల్వక పట్టుకున్నడు. నేను నిన్ను తిట్టబోతే ఆయిననే ఆపిండు. వాడు నవ్వులాటకు ఏసిండు, నా చేతుల సంగతి వానికేమెరుక అన్నడు."

బతికుండగా ఆయన దాచుకున్న సంగతిని ఇప్పుడు నేను బయటపెడుతున్నాను. అడ్డా మీదివాళ్లు ఇది చదవాలి. ఉస్తాద్‌కు పని రాక కాదు. స్పర్శ లేని చేతులతో రెండేళ్లు మన బండ్లు నడిపించాడు, మనలో ఒక్కడికీ అనుమానం రానియ్యలేదు. ఆయనకు అబద్ధం చెప్పింది బండి కాదు, తెచ్చినవాణ్ణి నేను.

నిన్న తెల్లారి బాసర కిరాయి తగిలింది. వెనక సీట్లో పిల్లను ఒళ్లో పెట్టుకున్న ముసలమ్మ, "మంచిగ వెచ్చగుంది బిడ్డా" అంది. వాళ్లు దారిలో చాయ్ తాగడానికి దిగినప్పుడు నేను బానెట్ ఎత్తాను. ఇంజన్ నడుస్తూనే ఉంది. ఉస్తాద్ లాగే కళ్లు మూసుకుని రెండు గొట్టాలూ పట్టుకున్నాను. మూడు లెక్కపెట్టేలోపే చేతులు వాటంతటవే వెనక్కి వచ్చేశాయి.

ఆ రోజు ఆయన ఎంతసేపు పట్టుకున్నాడో నాకింకా కళ్లకు కట్టినట్టే ఉంది. తల ఒక పక్కకు వంచి, కళ్లు గట్టిగా మూసుకుని, ఏదో ఒకటి తెలియకపోతుందా అని నిలబడ్డాడు. చుట్టూ మేం నవ్వు ఆపుకుంటూ ఉన్నాం.