అవ్వ అరచేతిలో గ్రహణం

ఈ మధ్యాహ్నం మత్తిగిరిలోని మా అద్దె ఇంట్లో, కిటికీ తెరకున్న చిరుగులోంచి ఎండ లోపలికి వచ్చి నేలమీద రూపాయి బిళ్ళంత వెలుగై నిలిచింది. చిరుగు మూడు మూలలుగా ఉంటే వెలుగు గుండ్రంగా ఎందుకుందని ఒకటో తరగతి చదివే మా పాప అడిగింది. అది చిరుగు ఆకారం కాదు, సూర్యుడి బొమ్మ అన్నాను. పాప నమ్మలేదు. డిగ్రీలో ఫిజిక్స్ చదివినదాన్ని, కాగితంమీద గీసి చూపించవచ్చు. కానీ వెలుగు మెల్లగా జరిగి పాప పాదాన్ని తాకగానే, నాకు తెలియకుండానే ఆ కాలు పక్కకు లాగేశాను. ఎందుకు లాగానో పాపకు చెప్పలేదు. పాప పడుకున్నాక ఇక్కడ రాసుకుంటున్నాను.

పాప నా కడుపులో ఉండగా ఏడో నెలలో సూర్యగ్రహణం వచ్చింది. మా ఆయనకు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టులు పడడంతో నన్ను ఉద్దనపల్లిలో వాళ్ళ అవ్వ దగ్గర దించి వెళ్ళారు. మార్గశిరపు చలి. గ్రహణం ఎలా ఉంటుందో ఒక్కసారైనా చూడాలని నాకు చిన్నప్పటి నుంచీ కోరిక. దానికి మించిన భయం కూడా ఉంది. పై పెదవి చీలి పుడితే మనవాళ్ళు గ్రహణమొర్రి అంటారు. స్కానింగులో అంతా బాగుందని డాక్టరమ్మ చెప్పింది. గ్రహణానికీ పెదవికీ సంబంధం లేదని నేనూ చదువుకున్నాను. అయినా మనం మాట్లాడే మాటే ఆ రెంటినీ ముడేసి పెడితే, చదువు ఎంతసేపు ధైర్యం చెబుతుంది?

అవ్వ పొద్దున్నే నన్ను వేరుశనక్కాయల మూటలుండే గదిలో నులకమంచంమీద పడుకోబెట్టి, కిటికీ రేకు తలుపు మూసింది. "నెట్టగా పడుకో. ఆ పక్కకీ ఈ పక్కకీ మల్లొద్దు. ఒళ్ళు గోకొద్దు" అంది. దోమ కుడితే ఏం చేయాలని అడిగాను. "కుట్టించుకో" అంది. తర్వాత ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి, నడిమింట్లో రోకలి నిలబెట్టడానికి వెళ్ళింది. గ్రహణం ఉన్నంతసేపు రోకలి దానంతట అదే నిలబడుతుందని, విడిచాక పడిపోతుందని అవ్వ లెక్క. ఆ ఇంట్లో గడియారం కంటే రోకలికే మర్యాద ఎక్కువ.

బయట మిద్దెలమీద పిల్లల కేకలు వినిపిస్తున్నాయి. ఆ కేకల్లో కొంచెమైనా గ్రహణం చూద్దామని చెవులు రిక్కించి పడుకున్నాను. అప్పుడు కనిపించింది. రేకు తలుపులో ఎప్పుడో కొట్టి పీకేసిన మేకు కంత ఒకటుంది. దానిలోంచి వచ్చిన ఎండ ఎదుటి మూటమీద పడింది. గుండ్రంగా లేదు. ఒక పక్క ఎవరో తినేసినట్టుంది. చూస్తుండగానే సన్నబడుతోంది. చూడకూడదని చీకటిగదిలో పెడితే, చూడవలసింది చీకటిగది కాబట్టే లోపలికి వచ్చింది. ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. వెలుగు మూట దిగి, మంచం పట్టె ఎక్కి, నా కడుపు వైపు జరుగుతోంది. కదిలితే ఒక భయం, కదలకపోతే ఇంకో భయం.

"అవ్వా" అని పిలిచాను.

"ఏమమ్మా, నొప్పులా?"

"గ్రహణం లోపలికొచ్చింది."

అవ్వ వచ్చి చూసింది. పుట్టినప్పటి నుంచీ ప్రతి గ్రహణానికీ తలుపేసుకుని ఇంట్లోనే ఉన్న మనిషి. వంగి, చాలాసేపు చూసింది.

"ఇదేనా? రాహువు కొరుకుతాడంటే పండ్లగాట్లు ఉంటాయనుకుంటినే. దోసకాయ తునక మాదిరి ఎంత నున్నగా ఉంది."

నేను పక్కకు జరగనా అని అడిగాను. వద్దంది. వెలుగు నా చీరను తాకే లోపల మంచం అంచున కూర్చుని, తన అరచేయి అడ్డం పెట్టి దాన్ని పట్టుకుంది.

"అవ్వా, నీకేమన్నా అయితే?"

"నాకేమైతాది? నా కడుపులో ఏముంది, రాత్రి తిన్న సంగటిముద్ద తప్ప."

ఇద్దరం ఆ చేతిలోకే చూస్తూ ఉండిపోయాం. వెలుగు జరిగితే చేయి జరిపేది. ముడతల మధ్య ఆ తునక మెల్లగా లావెక్కుతుంటే అవ్వ భయం మరిచిపోయి, "రోజూ మనమీద పడే ఎండలో పొద్దు బొమ్మే ఉంటాదా?" అని అడిగింది. నా చదువును ఆ ఇంట్లో ఎవరైనా ఒక ప్రశ్న అడగడం అదే మొదలు. ఇంతలో నడిమింట్లో దబ్బున చప్పుడైంది.

"రోకలి పడిందవ్వా. విడిచినట్టే కదా?"

అవ్వ అరచేతిలోకి చూసింది. "అది తొందరపడింది. ఈడ ఇంకా నిండలేదు" అని, వెలుగు నిండు బిళ్ళ అయ్యేదాకా చేయి తీయలేదు.

హోసూరు ఆసుపత్రిలో బిడ్డను చూపించగానే నేను మొదట చూసింది పై పెదవి. నున్నగా, నిండుగా ఉంది. ఫోనులో అవ్వ అడిగిన మొదటి మాట, "పెదవి?" బాగుందన్నాను. తర్వాత నెమ్మదిగా, "అయితే ఎవరు పుట్టినారు?" అంది.

అవ్వ ఇప్పుడు లేదు. మధ్యాహ్నం నేను కాలు లాగేశాక పాప ఊరుకోలేదు. అరచేయి చాపి వెలుగును పట్టుకుంది. ఈసారి నేను ఆపలేదు. కొంతసేపటికి వెలుగు వేళ్ళమీదుగా జారిపోయింది. "యాడికి పోయిందమ్మా?" అని అడిగింది. "పొద్దు జరిగింది" అన్నాను. మా వైపు సూర్యుడూ పొద్దే, కాలమూ పొద్దే. జరుగుతున్నప్పుడు ఎంత చూసినా తెలియదు, చేయి ఖాళీ అయ్యాకే తెలుస్తుంది.